ఎర్ర దారం

సఖినేటిపల్లి రేవులో పంటెక్కి
ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.
"ఏం చేపండీ?" అడిగాడు టిక్కెట్లు కోసే కుర్రాడు.
ముప్ఫై ఆరు మంది నెత్తురు, అన్నాను.
చిల్లర ఇవ్వడం మరిచిపోయి అవతలికెళ్ళాడు.

ఒక్కో గొట్టంలో మూడొందల కోట్ల అక్షరాలు.
మా ల్యాబుకున్న డబ్బులకి
చదవగలిగేది ఏడు లక్షలు.
మిగతాది ఊహ.
ఊహ అనకూడదంటారు మా సారు, పూరణ అనాలి.
అవధానంలో పృచ్ఛకుడు ఆఖరి పాదం పడేస్తే
పై మూడూ కట్టుకొచ్చినట్టు.

నాకు మాత్రం ఆ విద్య
రుస్తుంబాద ఎస్తేరమ్మ దగ్గర అర్థమైంది.
ఎలక కొరికిన లేసు బల్లగుడ్డలు
గోడౌను నుంచి ఆవిడకే వస్తాయి.
చిల్లు వైపు చూడదు.
చిల్లు చుట్టూ చూస్తుంది, వేలితో ముడులు లెక్కెడుతూ.
అటక మీంచి పాత అట్టపుస్తకం దింపుతుంది:
నలభై మంది ఆడవాళ్ళు అల్లి కుట్టిన నమూనాలు,
సగం మంది ఇప్పుడు లేరు.
"ఇదుగో, మూడు గొలుసులు, ఒక వంతెన,
ఇట్టా నడిచిందంటే మా సువార్తమ్మ చెయ్యి.
ఇక్కడి దాకా.
ఇక్కడ్నించి ఇంకో చెయ్యి అందుకుంది.
చెయ్యి తెలిస్తే చాలమ్మా,
ఎలక తిన్నదేంటో నేను చెప్తా."

మా మిషనూ అంతే.
తల్లిదో తండ్రిదో, తెగకుండా దిగొచ్చిన దారం ముక్కని
ఏ చేతి అల్లికో పోల్చి
చిల్లులు పూడుస్తుంది.
దాని అట్టపుస్తకం పెద్దది.
ఎక్కడెక్కడివాళ్ళో లక్షమంది
పేరు చెప్పుకోకుండా ఇచ్చిపోయిన పేజీలు.
వాళ్ళలో ఒక్కరూ
పల్లిపాలెం ఇసకలో వల ఆరేసినవాళ్ళు కారు.

కొల్లాటి గంగరత్నం, పందొమ్మిదేళ్ళు.
అపెండిక్సు కోతకి మత్తిస్తే
తొమ్మిది గంటలు లేవలేదు.
ఆ చోటున ఏ అక్షరముందని డాక్టరు అడిగారు.
మిషను చెప్పింది, అందరికీ ఉండేదే.
అబద్ధం కాదు. పక్కనే
నమ్మకం నూటికి ముప్ఫై ఒకటి అని కూడా వేసింది,
బాగా చిన్న అక్షరాల్లో.
రిపోర్టు మీద నేనే టైపు చేశాను: నార్మల్.

ఆ రాత్రి నిద్ర పట్టక, పొద్దున్నే ఎస్తేరమ్మని అడిగాను.
పుస్తకంలో లేని చెయ్యి తగిలితే?
దగ్గర పోలికున్నది వేసేస్తే?
"కొన్నోడికి తెలీదు.
గుడ్డకి తెలుస్తది. ఉతికినప్పుడు అక్కడే లాగుద్ది."
సూది నోట కరుచుకుని, దారపుండల బుట్ట కెలికి
ఎర్రది తీసింది.
"తెలీని కాడ తెల్లదారం పెట్టమాకు.
చుట్టూ ఎర్రది తిప్పి వదిలెయ్.
ఎవరికో తెలిసినప్పుడు అల్లుకుంటారు."

అందుకే ఇవాళ పల్లిపాలెం.
పిల్ల నెత్తురు మొత్తం చదివించడానికి వేరే పంపాం.
మిగతా ముప్ఫై ఐదూ అట్టపుస్తకానికి.
గంగరత్నం తాత ఏసుదాసు
వల కుడుతూ, తలెత్తకుండా:
"ఇది మాకు పనికొస్తదా?"
తరవాత వాళ్ళకండీ.
"తరవాతోళ్ళు మావోళ్ళేనా?"
కాకపోవచ్చు.
కండె తిప్పడం ఆపాడు.
చాలాసేపు అల వచ్చి పోయింది.
"ఏ ఊరని రాస్తావు?"
ఊరుండదు తాతా, పేరూ ఉండదు. నంబరే.
"మరి మా చెయ్యని ఎట్టా పోలుస్తారు?"
నాకు జవాబు ఉంది. చెప్పడానికి నోరు రాలేదు.
ఆయ్, అని తనే అనుకుని
ఉప్పు పట్టిన మోచేయి చాపాడు.
నరం దొరకడానికి రెండుసార్లు గుచ్చాను.

పంటు నర్సాపురం ఒడ్డుకి గట్టిగా తగిలింది.
డబ్బా కారి చీర కుచ్చిళ్ళు తడిశాయి.
సంచిలో పాత రిపోర్టు ఉంది.
నార్మల్ అన్నది కొట్టేసి
ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను.
లోపల ఏమీ రాయలేదు.
కుర్రాడు వచ్చి
ఐదు రూపాయలు డబ్బా మూత మీద పెట్టి వెళ్ళాడు.